మలయా ఎమర్జెన్సీ రోజుల్లో రబ్బరు తోటల్లో మనవాళ్ళు ఎలా బతికారు?

మీరు అడిగింది ఇది: మీ తాతగారు మలయాలోని (అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉన్న, నేటి పశ్చిమ మలేషియా) పెరాక్ రాష్ట్రంలో ఒక రబ్బరు తోటలో పనిచేసి 1969లో ఊరికి తిరిగొచ్చేశారు. కమ్యూనిస్టుల గొడవ మొదలయ్యాక తోట చుట్టూ ముళ్ళకంచె వేశారని, బియ్యం కూడా కొలిచి ఇచ్చేవారని మీ నాయనమ్మ చెప్పేవారు. అది నిజమేనా, ఆ కంచె లోపలి బతుకు జైలు లాంటిదా, చివరికి ఇంగ్లీషువాళ్ళు కమ్యూనిస్టులను నిజంగా ఓడించారా, లేక స్వాతంత్ర్యం ఇచ్చేసి చేతులు దులుపుకున్నారా అని మీ సందేహం.

నేను కాలేజీలో ఆగ్నేయాసియా చరిత్ర పాఠం చెప్పాను. ఉత్తరాంధ్ర జిల్లాల్లో మలయా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల దగ్గర కాగితాలు, జ్ఞాపకాలు సేకరించే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీ నాయనమ్మ చెప్పింది అక్షరాలా నిజం. కంచె ఉంది, గేటు దగ్గర సోదా ఉంది, కర్ఫ్యూ ఉంది, బియ్యానికి లెక్క ఉంది. చట్టం ప్రకారం అది జైలు కాదు, పగలు పనికి వెళ్ళొచ్చు, జీతం వస్తుంది. కానీ ఎప్పుడు బయటికి వెళ్ళాలో, చేతిలో ఏం పట్టుకెళ్ళాలో, ఎంత తిండి కొనుక్కోవాలో నిర్ణయించేది మాత్రం మీ తాతగారు కాదు. ఇక గెలుపు సంగతి. ఆయుధ పోరాటాన్ని ఇంగ్లీషువాళ్ళు అణచగలిగిన మాట వాస్తవమే, అయితే అది తుపాకితో మాత్రమే జరగలేదు. తిండి దారులు మూసెయ్యడం ఒక చేతి పని, పౌరసత్వం, ఎన్నికలు, స్వాతంత్ర్యం రెండో చేతి పని. ఈ రెండో చేతి నుంచి తోట కూలీకి దక్కింది చాలా తక్కువ. మీ తాతగారు 1969లో ఎందుకు తిరిగిరావాల్సి వచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

గొడవ ఎందుకు వచ్చింది

1947 జనాభా లెక్కల ప్రకారం మలయాలో సుమారు 49 లక్షల మంది. అందులో మలయ్‌లు దాదాపు సగం, చైనీయులు 38 శాతం, భారతీయులు 11 శాతానికి కాస్త తక్కువ. భారతీయుల్లో ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్ళు తక్కువే అయినా దిగువ పెరాక్‌లో బగాన్ దతో చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో, కెడాలో, జొహోర్‌లో గుంపులు గుంపులుగా ఉండేవారు. 1938లో భారత ప్రభుత్వం కూలీలను మలయాకు పంపడం ఆపేసింది. అంటే ఎమర్జెన్సీ నాటికి తోటల్లో ఉన్న మనవాళ్ళు కనీసం పదేళ్ళ ముందు ఓడ దిగినవాళ్ళు, లేదా లైన్లలోనే (తోట కూలీల వరస ఇళ్ళలోనే) పుట్టినవాళ్ళు.

యుద్ధకాలంలో జపాన్ ఆక్రమణ మూడున్నరేళ్ళు సాగింది. ఆ రోజుల్లో అడవుల్లో ఉండి జపాన్‌తో పోరాడినవాళ్ళలో ముందున్నది మలయా కమ్యూనిస్టు పార్టీయే. ఆ పోరాటానికి ఇంగ్లీషువాళ్ళే ఆయుధాలు, శిక్షణ ఇచ్చారు. తర్వాత పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన చిన్ పెంగ్‌కు యుద్ధసేవకు గాను పతకాలు కూడా ఇచ్చారు. అదే మనిషి తలకు కొన్నేళ్ళకే రెండున్నర లక్షల మలయా డాలర్ల వెల కట్టారు.

తోట కూలీ వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. సయాం (నేటి థాయిలాండ్)-బర్మా రైలు మార్గం పనికి జపాన్‌వాళ్ళు మలయా తోటల నుంచి తమిళులను, తెలుగువాళ్ళను వేలల్లో తరలించారు, చాలామంది తిరిగి రాలేదు. ఇంకొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. 1945లో దొరలు మళ్ళీ తోటల్లోకి వచ్చేసరికి ఎదురుగా ఉన్నది పాత కూలీ కాదు, కవాతు నేర్చినవాడు, చావును దగ్గరగా చూసినవాడు. బియ్యం ధర మండిపోతోంది, కూలి పెరగలేదు. సమ్మెలు మొదలయ్యాయి. సంఘాలన్నిటినీ కలిపిన అఖిల మలయా కార్మిక సమాఖ్య కమ్యూనిస్టుల ప్రభావంలో ఉండేది. దానికి అధ్యక్షుడు ఎస్. ఎ. గణపతి అనే తమిళుడు, ఫౌజ్‌లో పనిచేసి వచ్చినవాడు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. గొడవ మొదలైంది అడవిలో కాదు, తోటల్లో, గనుల్లో, రేవుల్లో. కూలి, బియ్యం, మర్యాద, ఇవే అప్పటి డిమాండ్లు. 1948 జూన్ మధ్యలో సంఘాల చట్టాన్ని సవరించి ఆ సమాఖ్యను చెల్లకుండా చేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, జూన్ 16న, పెరాక్‌లోని సుంగై సిపుట్ దగ్గర రెండు తోటల్లో ముగ్గురు యూరోపియన్ మేనేజర్లను కాల్చి చంపారు. ఆ రోజే పెరాక్, జొహోర్‌లలో కొన్ని ప్రాంతాల్లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రెండు రోజుల్లో అది మలయా రాష్ట్రాలన్నిటికీ, ఆ తర్వాత సింగపూర్‌కీ పాకింది. జూలైలో పార్టీని నిషేధించారు. పన్నెండేళ్ళ దాకా, అంటే 1960 జూలై 31 దాకా, ఆ ప్రకటన అమల్లోనే ఉంది.

మొదటి రెండేళ్ళు: భయం

1948 నుంచి 1950 దాకా భద్రత పేరుతో జరిగిందంతా ఎక్కువగా భయపెట్టడమే. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం, అనుమతి లేకుండా తుపాకి దొరికితే ఉరిశిక్ష, ఒక ఊరి వాళ్ళందరినీ కలిపి నిర్బంధించే నిబంధన, దేశబహిష్కరణ. వేలమందిని ఇలా పట్టుకెళ్ళారు, చైనీయుల్లో వేలమందిని ఓడలెక్కించి చైనాకు పంపేశారు. కొత్త హైకమిషనర్ (ఇంగ్లీషువాళ్ళ తరఫున మలయాను పాలించే అధికారి) సర్ హెన్రీ గర్నీ అంతకుముందు పాలస్తీనాలో పనిచేసినవాడు, పోలీసు కమిషనర్ కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. పాలస్తీనా పోలీసులో పనిచేసిన కొన్ని వందల మందిని మలయాకు తెచ్చారు. స్థానిక భాషలు రాని ఆ పోలీసులకు చైనీస్ గ్రామస్థుడికీ గెరిల్లాకూ తేడా తెలిసేది కాదు.

1948 డిసెంబరు 12న సెలంగోర్‌లోని బతాంగ్ కలిలో బ్రిటిష్ సైన్యంలోని స్కాట్స్ గార్డ్స్ దళం సైనికులు నిరాయుధులైన 24 మంది గ్రామస్థులను కాల్చి చంపారు. పారిపోతుంటే కాల్చామన్నారు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు దశాబ్దాల తర్వాత లండన్ కోర్టుల దాకా వెళ్ళినా, 2015లో అక్కడి సుప్రీంకోర్టు విచారణకు ఆదేశించడానికి ఒప్పుకోలేదు.

భారతీయుల వైపు పెద్ద దెబ్బ గణపతి ఉరి. రివాల్వర్ దొరికిందన్న నేరం మీద 1949 మే 4న కౌలాలంపూర్ పుడు జైల్లో ఆయన్ని ఉరితీశారు. శిక్ష తగ్గించమని భారత ప్రభుత్వం కోరినా వినలేదు. ఆయన తర్వాత సమాఖ్య బాధ్యతలు చూసిన పి. వీరసేనన్ అంతకు ముందు రోజే సైనికుల కాల్పుల్లో చనిపోయాడు. అదే తరహా కేసులో శిక్షపడ్డ శాంబశివం అనే మరో కార్మిక నాయకుడు వలస రాజ్యాలకు పై కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా అప్పీలుకు వెళ్ళి 1950లో బయటపడ్డాడు.

నా ఉద్దేశంలో తోట కూలీకి జరిగిన అసలు నష్టం ఇదే. అడవిలోకి వెళ్ళిన భారతీయులు చాలా తక్కువమంది. కానీ సంఘం పెట్టి కూలి అడగడమూ, కమ్యూనిస్టు కావడమూ ఒకటే నేరమైపోయింది. అనుభవం ఉన్న కార్మిక నాయకులు కొందరు ఉరికంబం మీద, కొందరు నిర్బంధ శిబిరాల్లో, మిగిలినవాళ్ళు మద్రాసు ఓడ మీద. తర్వాత 1954లో తోట కార్మికుల జాతీయ సంఘం ఏర్పడింది, పి. పి. నారాయణన్ దాన్ని నడిపించాడు. ఓర్పుగా, చట్టబద్ధంగా పనిచేసిన సంఘం అది, దాని మేలును నేను తక్కువ చెయ్యను. అయితే ప్రభుత్వం ఎంతవరకు సహిస్తుందో అంతవరకే అడగడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

రెండు తుపాకుల మధ్య

నేను మాట్లాడిన పెద్దవాళ్ళలో ఒకాయన, విజయనగరం వైపు ఊళ్ళో ఉండేవారు, ఒక మాట చెప్పారు: "పగలు సర్కారోడు అడిగేవోడు, రాత్రి అడవోడు అడిగేవోడు. ఇద్దరికీ లేదని చెప్పాల." ఆ రోజుల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

1948లోనే 12 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఫోటో, వేలిముద్రతో గుర్తింపు కార్డు తప్పనిసరి చేశారు. దాన్నే మలేషియాలో ఇప్పటికీ ఐసీ అంటారు. గెరిల్లాలకు ఫోటో దిగే దారి లేదు, కాబట్టి కార్డు లేనివాడు అడవివాడని తేలిగ్గా తెలిసిపోతుంది. అందుకే వాళ్ళు రాత్రిపూట లైన్లలోకి వచ్చి కూలీల కార్డులు లాక్కుని చింపేసేవారు. పొద్దున్నే కార్డు లేకుండా గేటు దగ్గర నిలబడ్డవాడి మీద పోలీసుకు అనుమానం. కార్డు దాచుకుంటే రాత్రి వచ్చినవాడికి అనుమానం.

అంతటితో ఆగలేదు. దొరల ఆదాయం దెబ్బతియ్యాలని రబ్బరు చెట్ల బెరడు చెక్కేసేవారు. చెక్కిన చెట్టు పాలివ్వదు, దాని మీద బతికేది కూలీ. బస్సులు తగలబెట్టారు. పోలీసులకు చెప్పాడన్న అనుమానం మీద కంగాణీలను (కూలీల మేస్త్రీలను), కిరాణీలను (తోట గుమస్తాలను) చంపారు. ఈ పద్ధతుల వల్ల జనం దూరమవుతున్నారని పార్టీయే 1951 అక్టోబరు తీర్మానాల్లో ఒప్పుకుని, కార్డులు లాక్కోవడం, చెట్లు నరకడం, బస్సులు కాల్చడం ఆపమని ఆదేశించింది. అప్పటికే ఆలస్యమైంది. కమ్యూనిస్టుల మీద నాకు సానుభూతి ఉన్న చోట్ల ఉంది. వాళ్ళు లేవనెత్తిన కూలి ప్రశ్న న్యాయమైనది. కానీ కూలీ పొట్ట మీద కొట్టి కూలీ కోసం పోరాడుతున్నామంటే ఏ కూలీ నమ్మడు.

ముళ్ళకంచె ఎలా వచ్చింది

1950లో సైనిక చర్యల డైరెక్టరుగా లెఫ్టినెంట్ జనరల్ సర్ హెరాల్డ్ బ్రిగ్స్ వచ్చాడు. ఆయన గమనించింది సులభమైన విషయం: అడవిలో ఉన్నవాడు అడవిలో పండించుకుని ఎక్కువకాలం బతకలేడు. అతనికి బియ్యం, ఉప్పు, మందులు, కబుర్లు అడవి అంచున ఉన్న జనమే అందించాలి. జపాన్ కాలంలో తిండి దొరక్క పట్టణాలు వదిలి అడవి అంచుల్లో కూరగాయలు పండించుకుంటున్న చైనీయులు దాదాపు 5 లక్షలమంది. వాళ్ళందరినీ లేపి, కంచె వేసిన 'కొత్త గ్రామాల'కు తరలించారు. అలాంటివి 450కి పైగా వెలిశాయి. తరలింపు ఎలా జరిగేదంటే, తెల్లారకముందే సైనికులు చుట్టుముట్టి, సామాన్లు లారీ ఎక్కించుకోమని, పాత గుడిసెలు తగలబెట్టేవారు.

తోట కూలీల విషయంలో చేసింది దీనికి తమ్ముడి లాంటి పని. దూరదూరంగా ఉన్న లైన్లను ఖాళీ చేయించి, మేనేజరు బంగళాకు, పోలీసు పోస్టుకు దగ్గరగా ఒక్కచోటికి చేర్చి చుట్టూ కంచె వేశారు. ఇలా గుంపు చేసిన తోట, గని కార్మికుల సంఖ్య కుటుంబాలతో కలిపి 5 లక్షలు దాటుతుంది. మీ నాయనమ్మ చూసిన కంచె ఇదే.

లోపల రోజు ఎలా గడిచేదో తిరిగొచ్చిన ఆడవాళ్ళే బాగా చెబుతారు. రబ్బరు పాలు తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు బాగా కారుతుంది. ఎండెక్కితే చెట్టు బిగుసుకుంటుంది. అందుకని అంతకుముందు చీకటి ఉండగానే దీపం పట్టుకుని చెట్లు గీయడానికి వెళ్ళేవారు. కర్ఫ్యూ పెట్టాక గేటు తెరిచేదాకా ఆగాలి. తెరిచాక వరసలో నిలబడాలి. మగవాళ్ళను ఒక పక్క, ఆడవాళ్ళను ఒక పక్క తడిమి చూస్తారు. పాల బకెట్టు తిరగేసి చూస్తారు, తలగుడ్డ విప్పిస్తారు, సైకిలు పంపులో బియ్యం పోశారేమో అని ఊది చూపించమంటారు. మధ్యాహ్నానికి చద్దన్నం మూట కట్టుకెళ్ళే అలవాటున్నవాళ్ళు ఆకలితో పని చేసి వచ్చి తినాలి, ఎందుకంటే గేటు దాటి తిండి పట్టుకెళ్ళడం నేరం. వరసలో గంట పోతే పాలు తగ్గేది, పాలు తగ్గితే చేతికొచ్చేదీ తగ్గేది.

బియ్యం విషయానికొస్తే, మనిషికి ఇంత అని రేషను. ఇంట్లో నిల్వ పెట్టుకోకూడదు. డబ్బాలో వచ్చే పాలు, చేపలు కొంటే కొట్టువాడు అక్కడికక్కడే డబ్బాకు చిల్లు పొడిచి ఇవ్వాలి, దాచి అడవికి పంపడానికి వీల్లేకుండా. ఆపరేషన్ జరుగుతున్న ప్రాంతాల్లో ఇంకో అడుగు ముందుకేసి బియ్యం అమ్మడమే మానేసి ఒక్క వంటశాలలో అన్నం వండి పంచేవారు. పచ్చి బియ్యం వారాలు దాచొచ్చు, ఆ ఎండలో అన్నం ఒక్క పూటకే పాసిపోతుంది. మీ నాయనమ్మ "కొలిచి ఇచ్చేవారు" అన్నది మొదటి పద్ధతి గురించో రెండో పద్ధతి గురించో ఆవిడ ఉన్న తోట ఏదో తెలిస్తే చెప్పొచ్చు.

ఇంత చేసినా ఫలితం వెంటనే రాలేదు. 1951 అక్టోబరు 6న ఫ్రేజర్స్ హిల్‌కు వెళ్ళే కొండదారిలో మాటు వేసి హైకమిషనర్ గర్నీనే చంపేశారు. వలస రాజ్యానికి అధిపతి అయిన మనిషికే దారిలో రక్షణ లేకపోతే ఇక ఎవరికుంది అని అప్పుడు అందరికీ టెన్షన్ పట్టుకుంది. అడవిలో ఉన్నవాళ్ళ సంఖ్య కూడా ఆ కాలంలోనే అత్యధికం, 7 నుంచి 8 వేలు.

టెంప్లర్ రెండు ముఖాలు

1952 ఫిబ్రవరిలో జనరల్ సర్ జెరాల్డ్ టెంప్లర్ వచ్చాడు. పౌర పాలన, సైనిక చర్యలు రెండూ ఆయన చేతికే ఇచ్చారు. "హృదయాలు, మనసులు గెలవాలి" అన్న మాట ఆయన పేరుతోనే ప్రచారంలోకి వచ్చింది. ఆ మాట ఒక్కటే చదివినవాళ్ళు ఆయన్ని దయామయుడనుకుంటారు. తంజోంగ్ మలిం సంగతి కూడా చదవాలి. 1952 మార్చి చివర్లో ఆ ఊరి దగ్గర నీటిగొట్టం బాగుచేయడానికి వెళ్ళిన బృందం మీద మాటు వేసి 12 మందిని చంపారు. టెంప్లర్ స్వయంగా వెళ్ళి ఊరి పెద్దలను నిలబెట్టి తిట్టి, రోజుకు 22 గంటల కర్ఫ్యూ పెట్టి, బియ్యం రేషను సగానికి తగ్గించాడు. ఇంటింటికీ కాగితాలు పంచి, తెలిసిన పేర్లు రాసి మూసిన పెట్టెలో వెయ్యమన్నాడు. ఊరంతటికీ శిక్ష వేసే ఆ పద్ధతి మీద లండన్‌లోనూ విమర్శలు వచ్చాయి. అదే ఏడాది, చంపిన గెరిల్లాల తలలు పట్టుకుని సైనికులు దిగిన ఫోటోలు ఒక లండన్ పత్రికలో వచ్చి పెద్ద గొడవైంది.

అదే టెంప్లర్ కాలంలో గ్రామ మండళ్ళకు ఎన్నికలు జరిగాయి, కొత్త గ్రామాలకు బళ్ళు, ఆసుపత్రులు వచ్చాయి, చైనీయులతో హోంగార్డులు ఏర్పడ్డారు. 1952లో పౌరసత్వ నిబంధనలు సడలించి మలయాలో పుట్టిన చైనీయులు, భారతీయులు చాలామందిని పౌరులుగా గుర్తించారు. అంతకంటే ముఖ్యం, లొంగిపోయినవాడిని చంపకుండా డబ్బిచ్చి వాడుకున్నారు. నిన్నటి గెరిల్లా గొంతు విమానం మీది లౌడ్‌స్పీకరులో అడవి మీద వినిపిస్తుంటే లోపలివాళ్ళ ధైర్యం సడలేది.

1953 సెప్టెంబరులో మలక్కాలో ఒక ప్రాంతాన్ని మొదటి 'తెల్ల ప్రాంతం'గా ప్రకటించి అక్కడ కర్ఫ్యూ, తిండి ఆంక్షలు తీసేశారు. ఎక్కడ గెరిల్లాల జాడ పోతే అక్కడ ఆంక్షలు పోతాయి, ఇదీ బేరం. జనానికి కమ్యూనిస్టుల మీద కోపం కంటే గేటు దగ్గర వరసంటే విసుగు ఎక్కువ. ఆ విసుగును ప్రభుత్వం తెలివిగా వాడుకుంది.

అయితే గెలిచిందెవరు?

1955 జూలైలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. మలయ్ నాయకుడు తుంకు అబ్దుల్ రహమాన్ నాయకత్వంలోని అలయన్స్ (మలయ్, చైనీయ, భారతీయ పార్టీల కూటమి) 52 స్థానాల్లో 51 గెలిచింది. ఓటర్లలో 84 శాతం మలయ్‌లే. ఆ డిసెంబరులో బలింగ్ అనే ఊళ్ళో తుంకు, సింగపూర్ ముఖ్యమంత్రి డేవిడ్ మార్షల్, చైనీయుల నాయకుడు తాన్ చెంగ్ లాక్ ఒక వైపు, చిన్ పెంగ్ ఒక వైపు కూర్చుని రెండు రోజులు మాట్లాడారు. పార్టీకి చట్టబద్ధ గుర్తింపు కావాలన్నాడు చిన్ పెంగ్. ముందు లొంగిపొమ్మన్నాడు తుంకు. చర్చలు విఫలమయ్యాయి. 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చేసింది. వలస పాలకుణ్ణి తరిమేస్తామన్నవాడికి ఇక తరమడానికి పాలకుడే లేడు. చిన్ పెంగ్ దళాలు థాయిలాండ్ సరిహద్దుకు వెళ్ళిపోయాయి. చివరికి 1989 డిసెంబరులో హాట్ యాయ్‌లో ఒప్పందం మీద సంతకాలు పెట్టి ఆయుధాలు దించారు.

ప్రభుత్వ లెక్కల ప్రకారం పన్నెండేళ్ళలో చనిపోయిన గెరిల్లాలు 6,700 పైన, పోలీసులు, సైనికులు 1,800 పైన, సాధారణ పౌరులు దాదాపు 2,500 మంది, ఆచూకీ లేనివాళ్ళు మరో 800 మంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం: చేతులు దులుపుకోలేదు, అలాగని తుపాకితో మాత్రమే గెలవలేదు. మరికొన్ని కలిసొచ్చాయి. గెరిల్లాల్లో అత్యధికులు చైనీయులు కావడంతో మలయ్ గ్రామాల్లో వాళ్ళకు చోటు దొరకలేదు. చైనా నుంచి గానీ సోవియట్ నుంచి గానీ ఆయుధాలు వచ్చే దారి లేదు. 1950లో కొరియా యుద్ధం మొదలై రబ్బరు, తగరం ధరలు ఆకాశాన్నంటాయి. కంచెలు, లారీలు, 60 వేలు దాటిన పోలీసు బలగం, వీటన్నిటికీ కావల్సిన డబ్బు అలా వచ్చింది. ఈ అదృష్టాలన్నీ పక్కన పెట్టి, ఊళ్ళను కంచెలో పెడితే తిరుగుబాటు చల్లారుతుందని అనుకున్నవాళ్ళు తర్వాత దక్షిణ వియత్నాంలో అదే చేసి బోర్లా పడ్డారు.

మనకు దగ్గరి సంగతి ఒకటి. సరిగ్గా అదే కాలంలో తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చాక దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్ళాయి. అక్కడ కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. అప్పటి కమ్యూనిస్టు నాయకులు దాన్ని 'బ్రిగ్స్ ప్లాన్' అనే పిలిచారు. మలయాలో జరుగుతున్నది వాళ్ళకు తెలుసు. రెండు చోట్లా గెరిల్లాను ఆపడానికి మొదట దెబ్బ తిన్నది గెరిల్లా కాదు, అడవి అంచున ఉన్న పేదవాడు.

1969 సంగతి

ఇప్పుడు మీ తాతగారి దగ్గరికి వస్తాను. స్వాతంత్ర్యం వచ్చిన మొదటి ఏడాది మలయ్ భాష పరీక్ష లేకుండానే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వెసులుబాటు ఉండేది. తోటల్లో చాలామంది పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదని అడిగితే నాకు వచ్చిన జవాబులు దాదాపు ఒక్కలాంటివే. చెప్పేవాడు లేడు. ఆఫీసుకు వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. పుట్టిన తేదీ కాగితం లేదు. సర్కారు కాగితం మీద వేలిముద్ర అంటేనే భయం, ఎందుకంటే పదేళ్ళుగా సర్కారు కాగితమంటే సోదా, కర్ఫ్యూ, లిస్టు. ఈ చివరి కారణం నన్ను బాగా కదిలించింది. భద్రత కోసం పెట్టిన భయం తర్వాత హక్కు అడగడానికి కూడా అడ్డుపడింది. సంఘం బలంగా ఉండి ఉంటే లైను లైనుకూ తిరిగి దరఖాస్తులు నింపించి ఉండేది.

ఆ తర్వాత పౌరులకు నీలం ఐసీ, కానివాళ్ళకు ఎర్ర ఐసీ వచ్చాయి. 1968లో పౌరులు కానివాళ్ళు పని చెయ్యాలంటే పర్మిట్ తప్పనిసరి అని చట్టం చేశారు. పర్మిట్ దొరక్క దాదాపు 60 వేలమంది భారతీయులు ఆ ఒకటి రెండేళ్ళలో ఓడలెక్కారు. 1969లో వచ్చారంటే మీ తాతగారు కూడా వాళ్ళలో ఒకరై ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఎర్ర కార్డు ఉందేమో చూడండి.

ఇక ఆచరణలో మీరు చెయ్యగలిగినవి. పాత ట్రంకు పెట్టెలో ముందు 1948-49 నాటి కాగితం ఐసీ, పాస్‌పోర్టు, ప్రావిడెంట్ ఫండ్ కాగితం వెతకండి. వాటి మీద తోట పేరు ఉంటే ఆ పేరు, జిల్లా స్పెల్లింగుతో సహా రాసుకోండి. తోటలు చేతులు మారి, ముక్కలై, పేర్లు పోయాయి, పాత పేరు లేకుండా ఏ దస్త్రమూ దొరకదు. కౌలాలంపూర్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో జిల్లా కార్యాలయాల ఫైళ్ళు ఉంటాయి. లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో, వలస పాలకులు వెళ్ళిపోతూ పట్టుకెళ్ళి చాలాకాలం దాచిన ఫైళ్ళను 2012 నుంచి బయటపెట్టారు, మలయావి కూడా అందులో ఉన్నాయి. 1955లో ఏర్పడిన మలయా ఆంధ్ర సంఘమే నేటి మలేషియా తెలుగు సంఘం. పెరాక్‌లో పాత కుటుంబాల గురించి అడగడానికి వాళ్ళు మంచి దారి.

నాయనమ్మ గారు ఇప్పుడు లేరని మీరు రాశారు. ఆవిడ తోబుట్టువులుగానీ, అదే ఓడలో వచ్చిన కుటుంబాలుగానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటే వెంటనే కలవండి. "ఎమర్జెన్సీ" అని అడగొద్దు, వాళ్ళకు మన 1975 గుర్తొస్తుంది. గేటు ఎన్నింటికి తెరిచేవారు, అన్నం ఎవరు వండేవారు, రాత్రి తలుపు ఎవరు తట్టేవారు అని అడగండి. తోట పేరు దొరికితే ఇక్కడే రాయండి. నా దగ్గరున్న పెరాక్ కాగితాల్లో వెతికి చెబుతాను.